గచ్చు కుంగితే పగలగొట్టాలా, లేపాలా?

ఇల్లు కట్టిన మూడు నాలుగేళ్లకు గోడ అడుగున స్కర్టింగుకూ గచ్చుకూ మధ్య వేలు దూరేంత సందు తేలుతుంది. కారు నిలిపే చోట వాన నీరు వీధిలోకి పోవడం మానేసి గుమ్మం వైపు మళ్లుతుంది. మేస్త్రీని పిలిస్తే సాధారణంగా వినిపించే సలహా ఒక్కటే: మొత్తం పగలగొట్టి, మట్టి నింపి, కొత్తగా పోయాలి. కొన్ని ఇళ్లలో ఆ సలహా సరైనదే. కానీ గచ్చు అడుగున పోసిన కాంక్రీటు పలక గట్టిగా ఉండి, దాని కింది మట్టి మాత్రమే అణిగిపోయిన చోట పగలగొట్టడమంటే బాగున్నదాన్ని పారేసి, పాడైనదాన్ని యథాతథంగా వదిలేయడమే. కుంగిన కాంక్రీటు పలకను ఉన్నచోటే పైకి లేపి, కింద ఏర్పడిన ఖాళీని నింపే పద్ధతులు 1930ల నుంచీ వాడుకలో ఉన్నాయి. అవి ఎక్కడ పనికొస్తాయో, ఎక్కడ డబ్బు దండగో తేలాలంటే ముందు పలక కింది మట్టి సంగతి తెలియాలి.

తెలుగు నాట స్లాబు అనగానే పైకప్పు గుర్తుకొస్తుంది కాబట్టి ఒక స్పష్టత అవసరం. దూలాల మీద నిలిచే పైకప్పు స్లాబు కిందికి వంగితే అది పూర్తిగా వేరే జబ్బు, దానికి వైద్యమూ వేరే. ఇక్కడి చర్చ నేల మీద నేరుగా పరచిన పలక గురించి: ఇంటి లోపలి బెడ్ కాంక్రీటు, వాకిలి, పార్కింగు, గోదాము నేల, సిమెంటు రోడ్డు. స్తంభాలతో కట్టిన ఇంట్లో ఇంటి బరువంతా స్తంభాల మీదుగా, వాటి అడుగున వేసిన లోతైన ఫుటింగుల్లోకి (పునాది దిమ్మెల్లోకి) దిగుతుంది. గచ్చు మాత్రం ప్లింత్ బీముల (గోడల అడుగున స్తంభాలను కలిపే దూలాల) నడుమ నింపిన మట్టి మీద విడిగా ఆనుకుని ఉంటుంది. అందుకే గచ్చు కుంగినా ఇల్లు చెక్కుచెదరకుండా ఉండవచ్చు. గచ్చుతో పాటు గోడలకు ఏటవాలు పగుళ్లు కూడా పడితే, తలుపులు చట్రాల్లో బిగుసుకుపోతుంటే, అనుమానించవలసింది పునాదిని. అప్పుడు గచ్చు లేపే పని పక్కన పెట్టి నిర్మాణ ఇంజనీరును సంప్రదించాలి.

మన ఇళ్లలో గచ్చు కుంగడానికి అన్నిటికంటే సాధారణమైన కారణం బేస్‌మెంటు నింపుడు, అంటే నేల మట్టం నుంచి గచ్చు ఎత్తు దాకా నింపే మట్టి. వీధి రోడ్డు వేసిన ప్రతిసారీ ఎత్తు పెరుగుతుండటంతో, కొత్త ఇళ్లకు మూడు నాలుగు అడుగుల బేస్‌మెంటు కట్టడం మామూలైపోయింది. ఆ ఎత్తంతా తెలంగాణలో మొరంతోనో, కోస్తాలో గ్రావెల్‌తోనో బుసకతోనో నింపుతారు. 15 నుంచి 20 సెంటీమీటర్ల పొరలుగా పోసి, తగుమాత్రం తడిపి, ప్రతి పొరనూ దిమ్మిసతో కొట్టి గట్టిపరచాలన్నది పాత నియమం. ఆచరణలో ట్రాక్టర్లతో ఒకేసారి నింపేసి, పైన నీళ్లు కట్టి నాలుగు రోజులు వదిలేయడమే ఎక్కువగా కనిపిస్తుంది. ఇసుక, బుసక అయితే నీళ్లకు కొంతవరకు సర్దుకుంటాయి. బంకపాలు ఎక్కువున్న మట్టి అలా సర్దుకోదు. పైపైన ముద్దయి, గడ్డల మధ్య ఖాళీలను అలాగే దాచుకుంటుంది. మూడడుగుల నింపుడు, అంటే సుమారు 90 సెంటీమీటర్లు, తరువాతి కాలంలో నూటికి 5 వంతులు అణిగినా చాలు, గచ్చు కింద నాలుగున్నర సెంటీమీటర్ల ఖాళీ ఏర్పడుతుంది. స్కర్టింగు కింద తేలే సందుకు ఇంతకు మించిన రహస్యమేమీ చాలాసార్లు ఉండదు.

రెండో కారణం నీరు. స్నానాల గది నుంచి బయటికి పోయే గొట్టం కీలు దగ్గర వదులైతే, కారే నీరు సన్నని రేణువులను కొద్దికొద్దిగా తనతో తీసుకుపోతుంది. పునాది గోడ పక్కనే సంపు తవ్వి, చుట్టూ వదులు మట్టితో పూడ్చినా అంతే. వీటికి పందికొక్కులను కూడా కలపాలి. అవి గచ్చు కింద తవ్వే బొరియలు ఒక్కోసారి గది ఈ మూల నుంచి ఆ మూల దాకా సాగుతాయి, వానాకాలంలో ఆ బొరియలే కాలువలవుతాయి. ఇలాంటి చోట కుంగుడు గది అంతటా సమంగా ఉండదు. ఇనుప కడ్డీతో గచ్చును వరుసగా తట్టుకుంటూ వెళితే ఎక్కడ గట్టి శబ్దం వస్తుందో, ఎక్కడ డొల్ల శబ్దం వస్తుందో తెలిసిపోతుంది. సుద్దముక్కతో ఆ డొల్ల భాగాల చుట్టూ గీత గీస్తే కింది ఖాళీల పటం దానంతటదే సిద్ధమవుతుంది.

కాంక్రీటు పలకను కింది నుంచి లేపడమంటే చాలామందికి అసాధ్యమైన పనిగా తోస్తుంది గాని, లెక్క వేస్తే ఆశ్చర్యం కలుగుతుంది. కాంక్రీటు ఘనపు మీటరుకు సుమారు 2,400 కిలోలు తూగుతుంది. 10 సెంటీమీటర్ల మందం గల పలక ఒక చదరపు మీటరుకు 240 కిలోల బరువుంటుంది. ఆ 240 కిలోలు 10,000 చదరపు సెంటీమీటర్ల మీద పరచుకుంటాయి కాబట్టి, ఒక్కో చదరపు సెంటీమీటరు మీద పడేది 24 గ్రాములే. కారు టైరులో గాలి ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు సుమారు 2 కిలోలు. అంటే పలక మొత్తం కిందా ఒత్తిడిని సమంగా పరచగలిగితే, టైరులోని ఒత్తిడిలో ఎనభయ్యో వంతుతో ఆ పలక తేలిపోతుంది. నిజంగా పని చేసేటప్పుడు అంచుల్లో రాపిడి, అడుగున మట్టి పట్టు ఉంటాయి కనుక ఇంతకంటే ఎక్కువే కావలసి వస్తుంది. అయినా చిన్న పంపుతో పెద్ద పలకను లేపగలగడం వెనక ఉన్న కీలకం ఈ 24 గ్రాములే.

అమెరికాలోని అయోవా రాష్ట్రంలో 1930ల నాటికే కుంగిన రోడ్డు పలకలను ఈ సూత్రంతో లేపడం మొదలైంది. ఆ పనికి వాడే యంత్రానికి జాన్ పౌల్టర్ అనే ఆయన రూపమిచ్చారు. మడ్ జాక్ అనే పేరు అప్పటిదే. పద్ధతి సూటిగా ఉంటుంది. పలకలో మీటరు, మీటరున్నర దూరానికొకటి చొప్పున నాలుగైదు సెంటీమీటర్ల వ్యాసంతో రంధ్రాలు వేస్తారు. మట్టి, సన్న ఇసుక, సిమెంటు, వీలున్న చోట ఫ్లైయాష్ (బొగ్గు విద్యుత్ కేంద్రాల బూడిద) కలిపి గరిటె జారుగా చేసిన ముద్దను గొట్టంతో ఆ రంధ్రాల్లోకి పంపుతారు. ముద్ద ముందు ఖాళీలను నింపుతుంది. ఖాళీ నిండాక కూడా ఇంకా పంపితే పలకను పైకి నెడుతుంది. ఇక్కడే పనివాడి చేయి తెలియాలి. కాంక్రీటు నొక్కుడును తట్టుకునే శక్తిలో దాదాపు పదో వంతు మాత్రమే లాగుడును తట్టుకుంటుంది. ఒకే రంధ్రంలో ఆత్రంగా పంపితే పలక అక్కడ విల్లులా వంగి, పై ముఖం లాగుడుకు గురై పగులుతుంది. అందుకని ఒక్కో రంధ్రం దగ్గర కొద్ది మిల్లీమీటర్లు మాత్రమే లేపుతూ, వరుసగా అన్ని రంధ్రాల చుట్టూ తిరిగి, మళ్లీ మొదటి దగ్గరికి రావాలి. తాడు కట్టో, లెవెల్ పైపుతోనో (మట్టం చూడటానికి నీళ్లు నింపి వాడే పారదర్శక గొట్టం), లేజరుతోనో ప్రతి దశలో మట్టం చూసుకోవాలి. ఎక్కువ లేచిన పలకను తిరిగి దించే దారి లేదు.

రెండో పద్ధతి 1970లలో ఫిన్లాండులో మొదలైన పాలీయురేథేన్ నురుగు. రెండు ద్రవాలు తుపాకీ లాంటి సాధనం మూతి దగ్గర కలిసి, కిందికి చేరిన క్షణాల్లోనే పొంగి గట్టిపడతాయి. రంధ్రం సుమారు 16 మిల్లీమీటర్లుంటే చాలు. ముద్ద ఆరడానికి ఒకటి రెండు రోజులు ఆగవలసి వస్తే, నురుగు పావుగంటలోనే తన బలంలో ఎక్కువ భాగాన్ని పుంజుకుంటుంది. విమానాశ్రయాల్లో, రద్దీ రోడ్ల మీద దీన్ని ఇష్టపడటానికి ఇదే కారణం. అంతకంటే ముఖ్యమైన తేడా బరువులో ఉంది. 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు ఉన్న గది కింద సగటున 4 సెంటీమీటర్ల ఖాళీ ఉందనుకుంటే, దాన్ని నింపడానికి ముద్ద దాదాపు 800 కిలోలు కావాలి. ఘనపు మీటరుకు 60 కిలోలుండే నురుగుతో నింపితే 27 కిలోలతో పని ముగుస్తుంది. కృష్ణా, గోదావరి డెల్టాల మెత్తని బంక నేలల్లో, ఇప్పటికే అణుగుతున్న మట్టి మీద మరో 800 కిలోలు మోపడం అంటే కొత్త కుంగుడుకు బీజం వేయడమే కావచ్చు. గట్టి మొరం నేల మీద ఆ బరువు లెక్కలోకి రాదు, చౌకగా దొరికే ముద్దే అక్కడ తెలివైన ఎంపిక.

నురుగుకు తనవైన ప్రమాదాలున్నాయి. అందులో వాడే ఐసోసయనేటు ఆవిరి ఊపిరితిత్తులకు హాని చేస్తుంది కనుక పనివాళ్లకు సరైన మాస్కు, కళ్లద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి, ముఖ్యంగా మూసిన గదుల్లో. ఒకేసారి మందంగా పోస్తే చర్యలో పుట్టే వేడి బయటికి పోలేక నురుగు లోపలే మాడుతుంది. లోతైన ఖాళీని పొరలుగా, విరామమిస్తూ నింపాలి. ముద్దయినా నురుగైనా విరిగిన డ్రైనేజీ గొట్టంలోకి దూరితే అక్కడే గట్టిపడుతుంది. గచ్చు కింద మరుగుదొడ్డి గొట్టాలు ఎటు పోతున్నాయో తెలుసుకోకుండా, వాటిలో నీళ్లు వదిలి పరీక్షించకుండా రంధ్రాలు వేయడం కొత్త కష్టాన్ని కొనితెచ్చుకోవడమే.

ఇంతవరకు చెప్పినదంతా గచ్చు నిజంగా కిందికి దిగిందన్న నమ్మకం మీద నిలబడి ఉంది. నల్లరేగడి నేలల్లో ఆ నమ్మకమే తరచు తప్పుతుంది. తెలంగాణలోను, రాయలసీమలో కర్నూలు, కడప ప్రాంతాల్లోను, గుంటూరు, ప్రకాశం వైపునా నల్లరేగడి విస్తారంగా ఉంది. ఇందులోని మాంట్‌మోరిల్లనైట్ అనే ఖనిజం తన పొరల మధ్యకు నీటిని లాక్కుని ఉబ్బుతుంది, ఎండినప్పుడు ముడుచుకుని నెర్రెలు విచ్చుకుంటుంది. ఉబ్బే నేల పైకి తోసే ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 1 కిలో దాటడం మామూలే. దాని మీద గచ్చు మోపే బరువు ఇందాకటి 24 గ్రాములు. పలకను చిన్న పంపుతో లేపనిచ్చిన ఆ తేలికదనమే, ఉబ్బే మట్టి ముందు దాన్ని నిస్సహాయంగా నిలబెడుతుంది.

దీనివల్ల ఒక చిత్రమైన పొరపాటు జరుగుతుంది. ఇంటి బయటి అంచుల్లో మట్టి ఎండకు, వానకు మారుతూ ఉంటుంది. ఇంటి నడిమి భాగం కింద మాత్రం ఆవిరైపోయే దారి లేక తేమ నెమ్మదిగా పేరుకుంటుంది. అప్పుడు గది మధ్యభాగం ఉబ్బి పైకి లేస్తుంది. చూసేవారికి మాత్రం అంచులు కుంగినట్టు కనిపిస్తుంది. అంచులను లేపి మట్టం సరిచేస్తే, కొన్ని ఏళ్లకు అంచుల కింది మట్టి కూడా తడిసి ఉబ్బినప్పుడు ఆ గచ్చు రెండోసారి, ఈసారి వ్యతిరేక దిశలో, వంకర తిరుగుతుంది. వేసవిలో ముడుచుకున్న నేల మీద ఏప్రిల్, మే నెలల్లో గచ్చును లేపిస్తే సెప్టెంబరు నాటికి అదే గచ్చు అవసరానికి మించి ఎత్తుకు చేరవచ్చు.

కాబట్టి ఏది కదిలిందో తేల్చుకోవడం పనిలో సగం. ఇందుకు ఖరీదైన పరికరాలు అక్కరలేదు. లోతైన ఫుటింగు మీద నిలిచిన స్తంభం మీద ఒక గుర్తు పెట్టి, ఆ గుర్తు నుంచి లెవెల్ పైపుతో గచ్చు మీద పది పన్నెండు చోట్ల ఎత్తులు కొలిచి రాసుకోవాలి. కట్టినప్పటి మట్టం తెలిసినవారి మాట, స్కర్టింగు మీద మిగిలిన పాత గీత, టైల్సు కీళ్ల తీరు దీనికి తోడవుతాయి. అదే కొలతను వేసవి చివర ఒకసారి, వానాకాలం చివర ఒకసారి తీస్తే ఏ భాగం ఏ కాలంలో కదులుతోందో బయటపడుతుంది. రెండు కొలతలకూ తేడా లేకపోతే నింపుడు మట్టి అణగడం ముగిసిందని, లేపడానికి సమయం వచ్చిందని అర్థం. గచ్చు కాలంతో పాటు లేస్తూ దిగుతూ ఉంటే పంపు తెచ్చే ముందు ఆలోచించవలసింది మట్టి గురించి.

ఆ మట్టి ఉబ్బే గుణాన్ని మట్టి పరీక్షల భారతీయ ప్రమాణం ఐఎస్ 2720 నలభయ్యో భాగంలోని చిన్న పరీక్ష చెబుతుంది. జల్లించిన పొడిమట్టిని 10 గ్రాముల చొప్పున రెండు కొలగొట్టాల్లో వేసి, ఒకదాంట్లో నీళ్లు, రెండోదాంట్లో కిరోసిన్ పోసి 24 గంటలు కదపకుండా ఉంచుతారు. కిరోసిన్‌లో బంకమట్టి ఉబ్బదు. నీటిలోని మట్టి ఘనపరిమాణం కిరోసిన్‌లోని దానికంటే నూటికి ఎంత పెరిగిందో చూస్తారు. ఇల్లు కట్టే ముందే చేయించవలసిన పరీక్ష ఇది. ఫలితం ఎక్కువగా వచ్చే చోట్ల కింది నల్లమట్టిని కొంత లోతు తీసేసి, ఉబ్బని బంకమట్టి పొర వేసి దిమ్మిస చేసే పద్ధతిని ఐఐటీ బొంబాయికి చెందిన ఆచార్య ఆర్.కె. కట్టి పరిశోధించి ప్రచారంలోకి తెచ్చారు. భవనానికైతే రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ అభివృద్ధి చేసిన అండర్ రీమ్డ్ పైల్స్ (అడుగు భాగం ఉబ్బెత్తుగా ఉండే, నేలలోకి దించే కాంక్రీటు స్తంభాలు) ఉన్నాయి. ఋతువులతో మారే తేమ పొరను దాటిపోవాలనే, లోతైన నల్లరేగడిలో వాటిని కనీసం మూడున్నర మీటర్ల లోతుకు దించుతారు. పైల్స్ మీద నిలిచిన ఇల్లు కదలదు. దాని లోపల నేల మీద పరచిన గచ్చు మాత్రం ఎప్పటిలాగే మట్టితో పాటు కదులుతుంది. ‘పైల్స్ వేసినా గచ్చు పగిలింది’ అనే ఫిర్యాదుకు మూలం ఇక్కడుంది.

ఇక మన ఇళ్ల గచ్చు తీరు గురించి దాపరికం లేకుండా చెప్పాలి. పాశ్చాత్య దేశాల్లో లేపే పలకలు చాలావరకు మంచి నాణ్యత గల కాంక్రీటుతో ఏకశిలగా పోసినవి. మన ఇళ్లలో టైల్సు కింద ఉండేది తరచు 40 ఎంఎం కంకరతో, ఒక పాలు సిమెంటుకు నాలుగు పాళ్లు ఇసుక, ఎనిమిది పాళ్లు కంకర చొప్పున పోసిన 7 నుంచి 10 సెంటీమీటర్ల పేద కాంక్రీటు. దాని మీద ఇసుక, సిమెంటు పరుపు, ఆ పైన టైల్సు. కింది నుంచి నెడితే ఈ మూడు పొరలూ ఒక్కటిగా లేవవు. బెడ్ ముక్కలవుతుంది, టైల్సు ఊడతాయి. ఇలాంటి గచ్చును మట్టానికి లేపుతామని హామీ ఇచ్చేవారిని నమ్మకూడదు. దాని కింది డొల్లను తక్కువ ఒత్తిడితో, లేపే ప్రయత్నం చేయకుండా, జారుడు గ్రౌటుతో (పలుచని సిమెంటు ముద్దతో) నింపి, ఇంకా దిగకుండా ఆపడం వరకే సబబు. తేడా కొద్దిపాటిదైతే పైన కొత్త పొరతో సరిచేసుకోవచ్చు. తాండూరు బండలు గాని, బేతంచర్ల బండలు గాని పరచిన పాత ఇళ్లకు ఈ గొడవే లేదు: కుంగిన చోట బండలు పెకలించి, మట్టి నింపి, దిమ్మిస కొట్టి, అవే బండలు మళ్లీ పరుచుకోవచ్చు. మరమ్మతుకు లొంగే గచ్చు అంటే అదీ.

లేపే పద్ధతి మన దగ్గర నిజంగా రాణించే చోట్లు గోదాములు, రైస్ మిల్లుల ఆవరణలు, అపార్టుమెంట్ల పార్కింగు, పెట్రోలు బంకుల వాకిళ్లు, అన్నిటికంటే ముఖ్యంగా సిమెంటు రోడ్లు. జాతీయ రహదారుల్లో పలకలు సాధారణంగా నాలుగున్నర మీటర్ల పొడవుతో, ఎం40 అనే గట్టి రకం కాంక్రీటుతో ఉంటాయి. లారీ చక్రం రెండు పలకల మధ్య కీలు దాటిన ప్రతిసారీ పలక అంచు కొద్దిగా కిందికి నొక్కుకుని మళ్లీ లేస్తుంది. కీలులోంచి నీరు దిగి ఉంటే, ఆ నొక్కుడుకు సన్న మట్టితో కలిసి బురదగా పైకి చిమ్ముతుంది. వాన వెలిసిన తరువాత సిమెంటు రోడ్డు కీళ్ల పక్కన కనిపించే మట్టి మరకలు దీనికి గుర్తు. చిమ్మిన బురద చోటే కింద ఖాళీ అవుతుంది. ఆ దశలోనే ఖాళీని గ్రౌటుతో నింపితే పలక ఏళ్ల తరబడి బతుకుతుంది. ఆలస్యమైతే మూల విరుగుతుంది, విరిగిన పలకను లేపి లాభం లేదు. సిమెంటు రోడ్ల నిర్వహణపై ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వెలువరించిన ఎస్‌పీ 83 మార్గదర్శకాల్లో ఈ మరమ్మతులకు చోటుంది. పక్క పలకలను కలిపే డోవెల్ కడ్డీలు ఉన్నందున ఒక పలకను ఒంటరిగా ఎత్తితే కీలు దగ్గర కాంక్రీటు పెచ్చులూడుతుంది. కీలులో చిక్కిన రాళ్లను ముందే తీసి, రెండు వైపులా కొద్దికొద్దిగా లేపాలి.

ఈ మధ్య ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పట్టణాల్లో మొత్తం ఇంటినే జాకీలతో లేపే పనులు వార్తల్లో కనిపిస్తున్నాయి. అది గచ్చు లేపడానికి భిన్నమైన పని. అక్కడ గోడలను పునాది మట్టం దగ్గర విడదీసి, వందల జాకీల మీద అంగుళం అంగుళంగా ఎత్తి, కింద కొత్త గోడ కడతారు. పాత గచ్చు కిందే ఉండిపోతుంది. ఎత్తిన రెండు మూడడుగుల మేర మళ్లీ మట్టి నింపి కొత్త గచ్చు వేయాలి. జాకీల పనికి చూపే శ్రద్ధలో కొంతైనా ఆ నింపుడు మీద పెట్టకపోతే, లక్షలు పోసి ఎత్తిన ఇంట్లో రెండు వానాకాలాలకే స్కర్టింగు కింద మళ్లీ సందు తేలుతుంది.

ఏ పద్ధతిలో లేపినా, నీటి దారి మార్చకపోతే ఆ మరమ్మతు నిలవదు. గోడ చుట్టూ కనీసం మీటరు వెడల్పున బయటికి వాలు ఉన్న సిమెంటు అరుగు, పైకప్పు నుంచి దిగే గొట్టాల వాన నీరు పునాది పక్కన పడకుండా మళ్లింపు, కారుతున్న గొట్టాలకు కీళ్లు బిగించడం ముందు జరగాలి. నల్లరేగడిలో ఇంటికి ఆనుకుని పెద్ద చెట్టు ఉంటే, అది వేసవిలో పీల్చే తేమ కూడా లెక్కలోకి వస్తుంది. అయితే ఏళ్లనాటి చెట్టును హఠాత్తుగా కొట్టేస్తే ఎండిన మట్టి తిరిగి తడిసి ఉబ్బుతుంది కాబట్టి అదీ తొందరపడి చేయవలసిన పని కాదు. పందికొక్కుల బొరియలను బయటి వైపు నుంచి రాళ్లు, సిమెంటుతో మూసిన తరువాతే లోపల గ్రౌటు పంపాలి. లేకుంటే ముద్ద ఆ దారినే పెరట్లో తేలుతుంది.

పని ముగిశాక రంధ్రాలను కుంచించుకుపోని గ్రౌటుతో పూడ్చి, కీళ్లను నీరు దిగని సీలెంటుతో మూస్తారు. ఆ పైన ఖరీదైన టైల్సు వేయాలనుకునేవారు ఒక్క వానాకాలం ఆగడం మంచిది. స్తంభం మీద పెట్టిన గుర్తు అప్పటికీ చెరిగిపోకుండా ఉండాలి, కొలతలు రాసుకున్న కాగితం ఇంట్లో ఉండాలి. దసరా నాటికి లెవెల్ పైపు పట్టి అవే పది పన్నెండు చోట్ల మళ్లీ కొలిచినప్పుడు తేడా రెండు మూడు మిల్లీమీటర్లకు మించకపోతే టైల్సు పని మొదలుపెట్టవచ్చు.